ఎం పక్కన హెచ్
ఐరిష్ పేర్లలో మగపిల్లవాడికైతే ఒషీన్, ఆడపిల్లకైతే సీర్షా: నా మనసు ఈ రెంటి దగ్గరే ఆగిపోతుంది. ఒషీన్ అంటే జింకపిల్ల. శాపం తగిలి జింకగా మారిన సైవ్ కడుపున పుట్టి, తండ్రి ఫిన్ మక్ కూల్‌కి అడవిలో దొరికిన బిడ్డ అతను. ఆ పేరు పిలిచినప్పుడల్లా నాకు ఆ తల్లే గుర్తొస్తుంది. సీర్షా అంటే స్వేచ్ఛ. ఇది పాత పేరేమీ కాదు, స్వాతంత్ర్య పోరాటం నడిచిన 20వ శతాబ్దంలోనే ఆడపిల్లల పేరుగా వాడుకలోకి వచ్చింది. వెలుగు అనే అర్థమున్న నీవ్ కూడా నాకు ఇష్టమే. రాతలో దాని చివర ఎం, హెచ్ ఉంటాయి. పక్కన హెచ్ చేరగానే ఎం మెత్తబడి ‘వ’ అవుతుంది. పలకడం కష్టమని ఈ అక్షరాలను ఇంగ్లిష్ పద్ధతికి మార్చేయమనే వాళ్లతో నేను ఏకీభవించను. ఇంగ్లిష్ పాలనలో జరిగింది అదే కదా! కవి అని అర్థమిచ్చే తైగ్ కాగితాల మీద తిమోతి అయింది; ఆ రెండు పేర్లకూ అర్థంలో ఏ చుట్టరికమూ లేదు. షాన్ అని రాసేటప్పుడు ‘ఎ’ మీద ఒక ఏటవాలు గీత పెడతారు. అది తీసేస్తే ఐరిష్‌లో ఆ మాటకు ‘ముసలి’ అని అర్థం. పసివాడి పేరు నమోదు చేసే ఏ కంప్యూటరైనా ఆ గీతను ఒప్పుకుని తీరాలి.