క్వింటాలు మిరపకాయలును కంప్యూటరు తెరయును

వేసవి సెలవులు సమీపించినప్పుడెల్ల విద్యార్థులు తలిదండ్రులను కోరు కోర్కెలు కాలమునుబట్టి మారుచుండును. పూర్వము సైకిలు కోరెడివారు. ఇప్పుడు కంప్యూటరుపై ఆటలాడుటకు మంచి మానిటరు కావలెనని కోరుచున్నారు. ఈ మాట చెవిని బడగానే కోపించు తండ్రులు కొందరు. బిడ్డ యడిగినాడు గదా యని దుకాణదారుడు చూపినదానినే కొనిపెట్టు తండ్రులు మరికొందరు. ఈ రెండును సరియైన మార్గములు కావని నా యభిప్రాయము.

మొట్టమొదట వెల సంగతి విచారింతము. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించెను. ఆటలకు తగిన సామాన్యమైన 24 అంగుళముల మానిటరు వెల యించుమించుగా ఈ మొత్తమునకు దగ్గరనే యుండును. కావున మానిటరు కోరు బాలుడు తన తండ్రిని ఒక క్వింటాలు మిరపకాయలు అడుగుచున్నాడన్నమాట. ఆ క్వింటాలు వెనుక నారు, ఎరువు, పురుగుమందు, కోతకూలి, కల్లములో రాత్రి కాపలా, ఇవన్నియు గలవు. ఈ లెక్క తెలిసి అడుగుట వేరు, తెలియక అడుగుట వేరు.

అయినను ఆటలనుగూర్చి పెద్దలు తొందరపడి తీర్పు తీర్చరాదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు సందర్శకుల వినోదార్థము ఒక టెన్నిస్ ఆటను నిర్మించెను. దాని తెర 5 అంగుళములు మాత్రమే. అయినను జనులు వరుసలో నిలిచి యాడిరి. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఇట్టి ఆటలకు పతకములు గూడ నీయబడినవి. డబ్బు పందెముల ఆటలు మాత్రము వేరు. వానిని మన రాష్ట్రము 2020లో గేమింగ్ చట్టమును సవరించి నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము చేసెను. నేను వ్రాయునది నిర్దోషమైన వినోదమునుగూర్చియే.

గుంటూరు మిర్చి యార్డులో అనుభవజ్ఞుడైన కొనుగోలుదారుడు ఎట్లు ప్రవర్తించునో చూడుడు. అతడు టిక్కీని పైపైన చూచి ధర చెప్పడు. కాయను చేతబట్టి రంగు చూచును, తేమ చూచును, తాలు చూచును. కారము కావలసినవాడు తేజ రకమును, రంగు కావలసినవాడు బ్యాడిగి రకమును వెదకును. మానిటరు కొనువాడును అట్లే పెట్టెమీది పెద్ద యక్షరములను విడిచి, తనకు కావలసిన గుణమేదో ముందుగా నిశ్చయించుకొనవలెను.

పెట్టెమీద మిక్కిలి పెద్దగా కనబడునది హెర్ట్‌జ్ సంఖ్య. సెకనునకు తెర యెన్నిమారులు క్రొత్త బొమ్మను చూపగలదో ఆ సంఖ్య తెలుపును. 60 హెర్ట్‌జ్ తెరపై ఒక బొమ్మకును మరియొక బొమ్మకును నడుమ సుమారు 16.7 మిల్లీసెకనులు పట్టును; 100 హెర్ట్‌జ్ అయిన 10; 144 అయిన 7; 180 అయిన 5.6. కాబట్టి 60 నుండి 100కు పోయినప్పుడు దాదాపు 7 మిల్లీసెకనులు కలిసివచ్చుచుండగా, 144 నుండి 180కి పోయినప్పుడు ఒకటిన్నర మిల్లీసెకను గూడ కలిసిరాదు. మొదటి మెట్టు కంటికి స్పష్టముగా తెలియును. కడపటి మెట్టు పెట్టెమీదనే యెక్కువగా కనబడును.

అంతేకాదు. బొమ్మలను తయారుచేయునది కంప్యూటరు, చూపునది మాత్రమే మానిటరు. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరు ఒక పెద్ద ఆటలో సెకనునకు 40 బొమ్మలే తయారుచేయగలిగినచో, దానికి 180 హెర్ట్‌జ్ తెర తగిలించుట వట్టిపోయిన గేదెకు పెద్ద పాలబిందె కొనుటవంటిది. కావున ముందుగా మన యంత్రము మనమాడు ఆటలో ఎన్ని బొమ్మలు ఇచ్చుచున్నదో చూచుకొని, పిమ్మట తెరను ఎంచుకొనుట వివేకము.

పరిమాణము విషయమునను ఇట్టి పొరపాటే జరుగుచున్నది. 1920 అడ్డము, 1080 నిలువు చుక్కలు గల బొమ్మను 24 అంగుళముల తెరపై చూచినప్పుడు అంగుళమునకు సుమారు 92 చుక్కలుండును. అదే బొమ్మను 27 అంగుళములకు సాగదీసినచో 82 మాత్రమే యుండును. అక్షరముల యంచులు మొద్దుబారును. 2560, 1440 చుక్కల తెర తెచ్చినచో స్పష్టత పెరుగును గాని, కంప్యూటరుపై భారము సుమారు ఒకటిముప్పాతిక రెట్లగును. చేతిలో కొద్ది ధనమున్నవానికి 24 అంగుళములే చాలును.

చౌకగా దొరకు తెరలలో ముఖ్యముగా మూడు జాతులు గలవు. టి.ఎన్. తెర చురుకైనది, కాని ప్రక్కనుండి చూచిన రంగులు వెలవెలబోవును. వి.ఎ. తెర నలుపును చక్కగా చూపును, కాని చౌక రకములలో చీకటి దృశ్యములు కదలునప్పుడు మసక తోక కనబడును. ఐ.పి.ఎస్. తెర రంగులకును, పలువురు కూడి చూచుటకును మేలు. పాఠములు చదువుటకును ఆటలాడుటకును ఒకే తెర కావలసిన మన యిండ్లకు ఇదియే తగినది. ఒక మిల్లీసెకను అను ప్రకటనను నమ్మి మోసపోరాదు. తరచుగా ఆ సంఖ్య వెనుకదీపమును ఆర్పి వెలిగించు పద్ధతిలో కొలిచినది. ఆ పద్ధతిని వాడినచో తెర వెలుగు తగ్గును.

ఫ్రీసింక్ వంటి సదుపాయమును మాత్రము తప్పక అడుగవలెను. కంప్యూటరు బొమ్మల వేగము తగ్గినప్పుడు తెర తన వేగమును దానికి సరిపుచ్చుకొనును. బొమ్మ అడ్డముగా చీలినట్లు కనబడదు. బలహీనమైన యంత్రములు గలవారికే ఇది యెక్కువ యుపకారము. మరియు 144 హెర్ట్‌జ్ తెర కొని, సెట్టింగులలో మార్చక, 60లోనే ఆడుకొనువారు గలరు. పాత హెచ్.డి.ఎం.ఐ. ద్వారము గూడ ఆ వేగము నందనీయకపోవచ్చును. తెచ్చిన దినముననే నలుపు, తెలుపు, ఎరుపు, పచ్చ రంగులను తెరనిండ నింపి, చెడిన చుక్కలున్నవేమో పరీక్షింపవలెను. రసీదును భద్రపరచవలెను.

ఇక నా నిర్ణయము చెప్పెదను. గ్రాఫిక్స్ కార్డు లేనివారు 24 అంగుళముల ఐ.పి.ఎస్. తెరను, 100 హెర్ట్‌జ్ వేగముతో, ఫ్రీసింక్‌తో కొనుట చాలును. కార్డు గలిగి, తుపాకి పోటీలవంటి వేగమైన ఆటలాడువారు 144గాని అంతకు కొంచెము పైనగాని కొనవచ్చును. అంతకుమించినది మన స్థితికి అలంకారమే.

“తక్కువది కొని మరల కొనుటకంటె ఒక్కసారే గొప్పది కొనరాదా?” యని కొందరు ప్రశ్నింతురు. ఇందు కొంత సత్యము గలదు. కంప్యూటరు మార్చినను మానిటరు చాల యేండ్లు పనిచేయును. చేతిలో సొమ్మున్నచో రెండువేలు అధికముగా పెట్టుట తప్పుకాదు. కాని ఆ రెండువేల కొరకు వాయిదాల పద్ధతికి దిగుట తప్పు. 2021-22లో నల్లతామర పురుగు మిరపతోటలను నాశనము చేసినప్పుడు అప్పు చేసి సాగుచేసినవారి దుఃఖమును మన పల్లెలు చూచినవి. ఆటవస్తువుకొరకు ఇంటికి మరియొక వాయిదాను తేగూడదు.

గోపురము కట్టదలచినవాని యుపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో మన మెల్లరము చదివినదే. విద్యార్థులారా! కాగితము తీసికొని మీ యంత్రము, మీ ఆట, మీ యింటి సొమ్ము అను మూడింటిని వ్రాసి, తండ్రి యెదుట కూర్చుండుడు. తలిదండ్రులారా! అట్టి కాగితముతో వచ్చిన బిడ్డను కసరి పంపివేయకుడు. తన కోరికకు తానే లెక్క వ్రాసికొన్నవాడు మీ క్వింటాలు బరువెంతో ఎరిగినవాడు.