సలహా సెల్‌లో.. సొమ్ము సుడిలో!

తిరుత్తణి: పొద్దున్నే తిరుత్తణిలో చెన్నై లోకల్ ఎక్కిన కుర్రాడికి తిరువళ్లూరు వచ్చేలోపే డబ్బు గురించి నాలుగు సలహాలు అందుతున్నాయి. ఇస్తున్నది బ్యాంకు మేనేజరు కాదు.. ఇంట్లో పెద్దలూ కాదు. చేతిలోని సెల్‌ఫోను! ఏ షేరు కొనాలో, రోజుకు ఎంత మిగులుతుందో తెలుగులో ఒకరు, తమిళంలో మరొకరు ఊదరగొడుతున్నారు. యువతకు పొదుపు పాఠాలను టెక్నాలజీతో చెప్పాలని సర్కారీ సంస్థలు ఏళ్లుగా అంటున్నాయి. వాటికంటే ముందే అనుమతి లేని సలహాదారులు ఆ పని చేసేశారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

షేరు కొని దాచుకోవడం వేరు. ‘ఆప్షన్స్’ కొనడం వేరు. ఫలానా తేదీలోపు ధర పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదానిపై పందెం లాంటిదది. అంచనా తప్పి గడువు దాటితే పెట్టిన సొమ్ము సున్నా. ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల లెక్కలను సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో వారిలో 93 శాతం మంది నష్టపోయారు. పోయిన మొత్తం రూ.1.8 లక్షల కోట్ల పైమాటే. వీరిలో 30 ఏళ్లలోపు వారి వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి ఎగబాకింది. ఏడాదికి రూ.5 లక్షలలోపే ఆదాయమని చెప్పుకొన్నవారు నూటికి 75 మందికి పైనే. 72 శాతానికి పైగా మొదటి 30 నగరాల బయటివారే. 2024-25లోనూ 91 శాతం మందికి నష్టమే మిగిలింది.

చీటీ పాట నుంచి చార్టు దాకా..

పళ్లిపట్టు, పొదటూరుపేట మగ్గాల ఇళ్లలో మొన్నటి దాకా పొదుపంటే చీటీ, బంగారం, ఎల్‌ఐసీ పాలసీనే. చెప్పేవాడు తెలిసినవాడైతే చాలు, నమ్మేవారు. ఆ నమ్మకమూ దెబ్బతీసింది. నెలకు 30 శాతం దాకా వడ్డీ ఇస్తామన్న ఆరుద్ర గోల్డ్ సంస్థ సుమారు లక్ష మంది దగ్గర రూ.2,438 కోట్లు వసూలు చేసినట్లు 2022లో నమోదైన కేసులో తమిళనాడు ఆర్థిక నేరాల విభాగం తేల్చింది. ఇప్పుడు ఆ ‘తెలిసిన మొహం’ ఫోన్లోకి వచ్చింది. రోజూ కనబడి ‘తమ్ముడూ’ అని పలకరించేవాడు పరాయివాడిలా అనిపించడు మరి!

మాట తెలుగు.. చదువు తమిళం

సరిహద్దు పల్లెల్లో మరో ఇబ్బంది ఉంది. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి మెట్టుమెట్టుగా తమిళం తప్పనిసరి అయ్యింది. దాంతో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం రాదు. తెలుగులో కరపత్రం వేసి పంచినా వీరికి ఉపయోగం తక్కువే. వీడియోలో వినబడే తెలుగు మాత్రం నేరుగా చెవికెక్కుతోంది. అనుమతి లేని సలహాదారుల బలం ఇదే.

సర్కారు తరఫునా ప్రయత్నాలు లేకపోలేదు. సెబీ 2022లో ‘సారథి’ యాప్ తెచ్చింది. ఎన్‌ఎస్‌ఈ 2024 నవంబరులో తన వెబ్‌సైటుకు తెలుగు, తమిళం కలిపింది. ఆర్‌బీఐ ఆ ఏడాది ఆర్థిక అక్షరాస్యత వారాన్ని యువత కోసమే జరిపింది. బ్యాంకుల గ్రామీణ శాఖలూ శిబిరాలు పెట్టాలి. అయితే ఊళ్లో శిబిరం జరిగేవేళకు కుర్రాళ్లు శ్రీపెరంబుదూరు షిఫ్టులోనో, గుమ్మిడిపూండి సిప్‌కాట్‌లోనో ఉంటే వినేదెవరు?

చట్టం వస్తోంది.. వెనకాల!

చెన్నైకి చెందిన యూట్యూబ్ ట్రేడరు పి.ఆర్.సుందర్ రిజిస్ట్రేషన్ లేకుండా సలహా సేవలు ఇచ్చారన్న కేసులో 2023 మేలో సెబీతో రాజీకొచ్చారు. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండానే రూ.6 కోట్లకు పైగా చెల్లించి, ఏడాదిపాటు ట్రేడింగ్‌కు దూరంగా ఉంటానన్నారు. రిజిస్ట్రేషన్ లేని సలహాదారులతో బ్రోకరు సంస్థలు చేతులు కలపకూడదని 2024 ఆగస్టులో నిబంధన వచ్చింది. పాఠం పేరుతో తాజా ధరలు చూపి షేర్లు సూచించకుండా 2025 జనవరిలో మరో కట్టడి పెట్టారు. ఇవన్నీ జేబు ఖాళీ అయ్యాక పడే అడ్డుకట్టలే. పోనీ అసలైన సలహాదారు దగ్గరకు వెళదామంటే సెబీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు 2025 నాటికి దేశం మొత్తమ్మీద వెయ్యిలోపే. తిరుత్తణి కుర్రాడి ఫోన్‌కు వారెప్పుడు చేరాలి?

కట్టేముందు ఒక్క నిమిషం

సలహాకు డబ్బు అడిగితే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. పెట్టుబడి సలహాదారు నంబరు ‘ఐఎన్‌ఏ’తో మొదలవుతుంది. చెప్పిన నంబరును సెబీ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. డబ్బు పంపే యూపీఐ ఐడీ అసలుదో కాదో 2025 అక్టోబరులో వచ్చిన ‘సెబీ చెక్’లో తెలుస్తుంది. డిపాజిట్లు పోగుచేసే సంస్థలపై ఆర్‌బీఐ ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఈ నాలుగు ముక్కలనే అరనిమిషం మాటగా తెలుగులో, తమిళంలో రికార్డు చేసి జీతం పడిన రోజే ఫోన్‌కు పంపడం బ్యాంకులకు పెద్ద పనేం కాదు. కాలేజీల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర వినిపించడానికి కోట్లు అక్కర్లేదు. కుర్రాడి చెవి ఖాళీగా ఉండదు. మంచిమాట ముందు చేరకపోతే మాయమాట చేరుతుంది.