లా పట్టా లేని పేటెంటు విద్యార్థి

న్యాయకళాశాల గడప త్రొక్కనివానికి న్యాయవృత్తితో పొత్తు కుదరదను భావము మనలో బహుకాలముగా పాతుకొనియున్నది. రసాయనశాస్త్రమున ఎం.ఎస్‌సి. పూర్తిచేసిన యువకుడు మేధోసంపత్తి చట్టము చదువుదునన్నచో, "ఇంతదనుక చదివినది గంగలో కలిపి మరల మూడేండ్లు లా చదువుదువా?" యని ఇంటిల్లిపాదియు అడుగుట కద్దు. అట్లడుగువారు 1970 నాటి పేటెంటు చట్టములోని 126వ సెక్షనును ఒక్కమారు చూచినచో ఆశ్చర్యపడక తప్పదు. పేటెంటు ఏజెంటుగా నమోదు కాదలచినవాడు భారత పౌరుడై, 21 ఏండ్లు నిండినవాడై, విజ్ఞానశాస్త్రమునగాని ఇంజనీరింగునగాని సాంకేతికశాస్త్రమునగాని పట్టము పొందినవాడై, పేటెంటు కార్యాలయము జరుపు పరీక్షయందు ఉత్తీర్ణుడు కావలెనని యందు విధింపబడినదే కాని, ఎల్‌ఎల్‌బి ఊసు లేదు. పైపెచ్చు, చరిత్రయందో అర్థశాస్త్రమందో బి.ఏ. పట్టము పుచ్చుకొని న్యాయవాదియైనవాడు ఎంతటి ప్రజ్ఞావంతుడైనను ఆ పరీక్షకు కూర్చుండుటకే అర్హుడు కాడు.

న్యాయవాదులకు పరీక్ష లేకయే ఏజెంటుగా నమోదగు వెసులుబాటు మునుపు కలదు. 2005 సవరణ దానిని తొలగించినది. ఆ తొలగింపు చెల్లదని 2013లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పినది. అయినను ఆ వివాదమంతయు పరీక్షను గూర్చినదే కాని విజ్ఞానపట్టమును గూర్చినది కాదు. శాసనము ఆ పట్టమును పట్టుబట్టి కోరుటకు హేతువు ఏజెంటు చేయు పనిలోనే యున్నది.

ఆ పని ప్రధానముగా వ్రాతపని. నూతన కల్పనను సమగ్రముగా వర్ణించి, దానిని ఆచరణలో పెట్టుటకు కర్తకు తెలిసిన ఉత్తమపద్ధతిని దాచక వెల్లడించి, తుదకు తాను కోరు హక్కునకు ఎల్లలు నిర్ణయించు క్లెయిములతో ముగియు స్పెసిఫికేషనును పదవ సెక్షను కోరుచున్నది. మిరపతోటలలో మందు కొట్టు స్ప్రేయరు నొకదానిని ఒక యువ ఇంజనీరు నిర్మించెననుకొందము. నాజిలు పూడుకొనిపోగానే పీడనమును వెనుకకు మరల్చి మడ్డిని తనంతట తానే త్రోసివేయు కవాటము అందలి విశేషము. అతడు తన పనితనమంతయు కనబడవలెనని, ట్యాంకు 16 లీటర్లదనియు, కవాటము ఇత్తడిదనియు, గొట్టము రబ్బరుదనియు క్లెయిమునందే చేర్చినాడు. ఇంజనీరుగా చూచినచో ఆ వర్ణనయందు వ్రేలు పెట్టి చూపదగిన దోషము లేదు. కాని రేపు వేరొక కర్మాగారమువాడు అదే కవాటమును ప్లాస్టికుతో పోతపోసి విపణిలోనికి తెచ్చినపుడు, మా కవాటము ఇత్తడిది కాదుగదా యను సమాధానమును వానికి అందించినవాడు ఈ ఇంజనీరే యగును. ఇందుకు వెరచి, మడ్డిని త్రోసివేయు సాధనమేదైనను నాదేయని వ్రాసెనా, పూర్వమెన్నడో ఎవరో చేసిన పరికరమొకటి బయటపడి క్లెయిమంతయు కూలిపోవును. ఇత్తడి వర్ణనభాగమున నుండవలసిన మాట. క్లెయిమునకు కావలసినది పీడనము వెనుకకు మరలు తీరు. ఏది యెచ్చట చెప్పవలెనో తెలియుట ఈ విద్యకు ప్రాణము, దానిని గ్రహించుటకు కవాటము పనిచేయు విధము ముందుగా తెలిసియుండవలెను.

కావున విజ్ఞానశాస్త్ర విద్యార్థి సగము దారి ఇంటివద్దనే నడిచి వచ్చినవాడు. తక్కిన సగమే చిక్కు. అది సెక్షనులు వల్లెవేయుటతో తీరునది కాదు. కనుగొన్నదానిని తక్షణమే లోకమునకు చాటవలెనని అతనికి ప్రయోగశాల నేర్పినది. దరఖాస్తు పడువరకు నోరు మెదపరాదని చట్టము నేర్పును. సిద్ధాంతవ్యాసము గ్రంథాలయమున చేరి పాఠకులకు అందుబాటైనచో ఆ విషయమునకు నూతనత్వము పోయినట్లే. విద్వత్సభలో చదివిన పత్రమువంటి కొన్నింటికి 12 మాసముల గడువు 31వ సెక్షనున కలదు గాని, అది ఇరుకైన మినహాయింపు, దానిని నమ్ముకొని ముందుగా ప్రకటించువాడు సాహసికుడనవలెను.

పదములను చదువు తీరునందు సైతము మార్పు రావలయును. మూడవ సెక్షనులోని (డి) ఖండికను తీసికొందము. తెలిసిన పదార్థమునకే లవణములు, ఎస్టరులు, ఈథరులు, బహుస్ఫటికరూపములు మున్నగునవి సామర్థ్యమున గణనీయమైన భేదము చూపనంతవరకు ఆ పదార్థముక్రిందనే లెక్కయని దాని వివరణ చెప్పుచున్నది. ఈ పట్టికను చదివి న్యాయవిద్యార్థి నిఘంటువు వెదకుకొనుచుండగా రసాయనవిద్యార్థి చిరునవ్వు నవ్వును. ఆ చిరునవ్వు "సామర్థ్యము" అను మాటవరకే. గ్లివెక్ అను క్యాన్సరు మందులోని ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటికరూపమునకు నోవార్టిస్ సంస్థ పేటెంటు కోరుచు, శరీరమునకు ఆ మందు లభ్యమగు పాలు 30 శాతము హెచ్చినదని చూపినది. ప్రయోగశాలలో అది నిస్సందేహముగా భేదమే. అయినను 2013 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీంకోర్టు, ఔషధముల విషయమున సామర్థ్యమనగా రోగమును నయముచేయు సామర్థ్యమేయనియు, లభ్యత హెచ్చినంతమాత్రమున నయముచేయు శక్తి హెచ్చినట్లు ఋజువు కాలేదనియు చెప్పి ఆ కోరికను త్రోసిపుచ్చినది. కొలతకు, ఆ కొలత దేనికి సాక్ష్యమను ప్రశ్నకు నడుమనున్న ఈ అంతరమును పట్టుకొన్న విద్యార్థికి ఇక చట్టము పరాయిది కాదు.

ఈ విద్య హైదరాబాదు ప్రాంతమున నిరాదరణకు గురియైనచో అది చిత్రమే యగును. అచ్చటి ఔషధపరిశ్రమ పెరిగినదే పేటెంటు చట్టము నీడలో. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక పునాదిగా వెలసిన 1970 చట్టము ఔషధములకు తయారీ పద్ధతిపైననే పేటెంటునిచ్చి, పదార్థముపైన నిరాకరించినది. అదే మందును వేరొక మార్గమున తయారుచేయగల రసాయనజ్ఞులకు ఆనాడు పండుగ. ప్రభుత్వరంగ ఔషధసంస్థయైన ఐడిపిఎల్‌లో పనిచేసి వచ్చిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ ఆ కాలపు పంటయే. 2005 జనవరి నుండి పదార్థమునకు సైతము పేటెంటు వచ్చుటతో ఆ త్రోవ మూసికొనిపోయి, ప్రతి కంపెనీకిని ఇతరుల పేటెంటులను చదివి బేరీజు వేయువారు అవసరమైరి. 2012 మార్చిలో, బేయర్ సంస్థ నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముచున్న నెక్సావర్ మందును 8,880 రూపాయలకు మించకుండ అమ్మవలెనను షరతుపై హైదరాబాదు నాట్కో సంస్థకు పేటెంటుదారుని సమ్మతితో పనిలేకయే ఇచ్చు నిర్బంధ లైసెన్సు, దేశమున మొట్టమొదటిది, లభించినది. ఆ వ్యవహారమున తర్కింపబడిన విషయములను చూడుడు: మందు ఎందరు రోగులకు అందినది, ఆ ధర సామాన్యుడు భరింపగలిగినదేనా, కల్పన ఈ దేశమున వినియోగములోనికి వచ్చినదా. వీనిలో ఒక్కటియు కేవలము లా పుస్తకముతో తేలునది కాదు.

ఇక చదువుకొను చోట్లు. హైదరాబాదు నల్సారు విశ్వవిద్యాలయము దూరవిద్యాపద్ధతిని పేటెంటు చట్టమున ఒక సంవత్సరపు డిప్లొమా నడుపుచున్నది. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ప్రాథమిక పాఠములను ఇంటర్నెట్టున ఉచితముగానే చెప్పుచున్నది. ఇవి మంచివే. కాని సర్టిఫికెట్టు చేతికి రాగానే వృత్తి చేతికి వచ్చినట్లు ప్రచారము చేయు సంస్థలు లేకపోలేదు. డిప్లొమా లైసెన్సు కాదు. ఏజెంటు పరీక్షకు చట్టముపై నొకటి, స్పెసిఫికేషను రచనపై నొకటి, నూరేసి మార్కుల పత్రములు రెండును, 50 మార్కుల మౌఖికమును కలవు. పత్రమొక్కింటికి 50 చొప్పునను, మొత్తముమీద నూటికి 60 చొప్పునను రావలయును. ఆ పరీక్షయైనను ఏటేట తప్పక జరుగునను భరోసా లేదు. ఉద్యోగము వదలి దీనికై కూర్చుండదలచినవారు ఈ సంగతి ముందుగా ఎరిగియుండుట మేలు.

ఏజెంటు అధికారము పేటెంటు కార్యాలయపు గుమ్మమువరకే; రెండు తెలుగు రాష్ట్రములవారికి అది చెన్నైలోనున్నది. హక్కుల ఉల్లంఘన దావా జిల్లాకోర్టునకో హైకోర్టునకో చేరిన పిమ్మట వాదించువాడు న్యాయవాదియే. వాదింపవలెనను కోరికయున్న ఇంజనీరు లాసెట్ వ్రాసి మూడేండ్ల ఎల్‌ఎల్‌బి చదువవలసినదే. అట్టివారిని దృష్టియందుంచుకొనియే ఖరగ్‌పూరు ఐఐటి 2006లో మేధోసంపత్తి ప్రధానముగా న్యాయపాఠశాల నెలకొల్పినది.

మరి ఆర్ట్సు పట్టభద్రుని మాటయేమి? పేటెంటు తలుపు మూసియున్నను, ట్రేడ్‌మార్కు ఏజెంటు పరీక్షకు ఏ పట్టమైనను చాలును. అంతకంటె అతనికి దగ్గరైనది భౌగోళిక గుర్తింపు. పోచంపల్లి ఇక్కత్తు వంటి వస్త్రమునకు ఆ గుర్తింపు కోరునపుడు, సరుకు లక్షణము ఆ నేలతోను ఆ జనముతోను ఎట్లు ముడిపడినదో, ఆ పనితనము అచ్చట ఎంతకాలముగా నున్నదో ఆధారములతో చూపవలసియుండును. పాత గెజిటీర్లను, వర్తకపు లెక్కలను, మగ్గముమీద కూర్చున్న వృద్ధుల మాటలను జతపరచి ఆ పత్రమును సిద్ధము చేయుటకు చరిత్రవిద్యార్థిని మించినవాడు దొరకడు. మన జిల్లాలలో దరఖాస్తు పెట్టవలసిన చేతిపనులు ఇంకను మిగిలియున్నవి.