చేసికొనుటయా? కొనుటయా?

పనిముట్టును స్వయముగా చేసికొనుట మేలా, వెలయిచ్చి కొనుట మేలా? ఇందుకు సమాధానము పనినిబట్టి యుండును.

రేడియో వంటి పరికరములలో సర్క్యూటు బోర్డు ఉండును. రాగిరేకు అతికిన పలకపై చెరగని సిరాతో గీతలు గీసి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమున నుంచినచో, సిరా లేనిచోట రాగి కరగిపోవును. గీతల క్రింది రాగి విద్యుత్తునకు దారిగా నిలుచును. ఇందులకు యంత్రములు అమ్మకమునకు కలవు. కాని దంతాలపల్లి వంటి ఊరిలో ఒకటి రెండు బోర్డులు చేయు విద్యార్థికి ప్లాస్టిక్ పళ్లెము చాలును. దానిని మెల్లగా ఊపుచుండిన, క్రొత్త ద్రావణము రాగిని తాకి పని త్వరగా సాగును. యంత్రము చేయునదియు నిదియే. ఈ రహస్యము కొన్నవానికంటె చేసినవానికే బాగుగా తెలియును.

అంగడిలో లేని వస్తువును నిర్మించుకొనక తప్పదు. ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీరకొఱకు వేలసార్లు చేయి కదల్చుచు ఆసు పోయు తల్లి బాధను చూడలేక, 1999లో ఆసు యంత్రమును సాధించెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను.

అయినను అన్నియు ఇంట చేయదగినవి కావు. కంటికి రక్షణ నిచ్చు అద్దములను, రబ్బరు చేతితొడుగులను కొనియే తీరవలయును. పెద్దల సమక్షముననే పని చేయవలయును. వాడిన ద్రావణమును కాలువలో పోయరాదు. అందలి రాగి చేపలకు విషము. పొదుపు పేర ప్రాణమును పణముగా పెట్టుట వివేకము కాదు.

జ్ఞానము నిచ్చుదానిని చేసికొనవలెను. రక్షణ నిచ్చుదానిని కొనవలెను.