పాచి పట్టిన వాకిలి

గత వర్షాకాలంలో ఒక తెల్లవారుజామున, ఫజ్ర్ అజాన్ వినిపిస్తున్న వేళ, మా అమ్మీ వుజూ కోసం పెరటి కుళాయి వద్దకు వెళుతూ బండలపై కాలుజారి పడిపోయారు. పడుతూ కుడి చేతిని నేలకు ఆనించారు; మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతోనే గడిచాయి. కట్టుపై మసహ్ చేసుకొని ఆమె ఏ పూటా నమాజు తప్పకుండా చదువుకున్నారు గాని, రొట్టె తుంచుకోవడానికి మాత్రం మనవరాలి చేయి కావలసివచ్చింది. ఆమె వయస్సు 76 సంవత్సరాలు. తుంటి ఎముకకు దెబ్బ తగలకపోవడం అల్లాహ్ దయ.

దారిలో నుండి హాని కలిగించే దానిని తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటని దైవప్రవక్త (సఅసం) చేసిన బోధను మేము ఏటా మదరసాలో పిల్లలకు పాఠంగా చెబుతాము. ముల్లు, రాయి, గాజుపెంకు అని ఉదాహరణలు కూడా ఇస్తాము. మా ఇంటి గడపకూ కుళాయికీ మధ్యనున్న ఇరవై అడుగుల దారిలోని పాచి మాత్రం ఆ ఉదాహరణలలో మాకు ఎన్నడూ తోచలేదు. ఆ పాచి అంత దట్టంగా పట్టడానికి మా చేతిపనే చాలావరకు కారణమని ఆ తరువాత తెలిసి మరింత సిగ్గుపడ్డాము. పాఠక సోదరసోదరీమణులలో ఎవరి ఇంటనైనా ఇదే పొరపాటు జరుగుతూ ఉండవచ్చునన్న భావనతో ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాము.

మా దారికి పరచినవి తాండూరు బండలు. అంతకు ముందు సంవత్సరం రంజాన్ పండుగకు వారం రోజుల ముందు, చుట్టాలు వస్తారని, కిరాణా కొట్లో దొరికే స్నానాల గది యాసిడు రెండు సీసాలు తెచ్చి ఆ బండలపై పోయించాము. బుసబుసమని నురగ వచ్చింది. కడిగిచూస్తే బండలు తెల్లగా తేలాయి. ఇంటిల్లిపాదీ సంతోషించాము. అమ్మీ పడిన తరువాత దారి బాగుచేయడానికి వచ్చిన తాపీ మేస్త్రీ బండపై అరచేయి రాసి చూసి, "యాసిడు పోశారా మౌల్సాబు గారూ?" అని అడిగాడు. అవునన్నాము. "అది మురికి పోయిన తెలుపు కాదండీ. బండ తోలు ఊడిన తెలుపు" అన్నాడు.

అతని మాటలో శాస్త్రం ఉన్నది. తాండూరు, షాబాదు, కడప, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాయి జాతివే. సున్నపురాయిలో ప్రధానమైన పదార్థం కాల్షియం కార్బోనేటు. యాసిడు తగలగానే అది కరిగి, బొగ్గుపులుసు వాయువు నురగగా పైకి వస్తుంది. అంటే ఆనాడు మేము మురికి కరుగుతున్నదని చూసి ఆనందించిన నురగ, నిజానికి మా బండ కరుగుతున్న నురగ. సిమెంటు కాంక్రీటులోనూ సున్నం ఉంటుంది గనుక దాని గతీ అదే. పైపొర పోయిన రాయిలో కంటికి కనబడని గుంటలు ఏర్పడతాయి. ఆ గుంటలలో నీరు నిలుస్తుంది, ధూళి చేరుతుంది, మరుసటి వానకు పాచి మునుపటికంటె త్వరగా, గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు మనం మళ్లీ యాసిడు పోస్తాము.

మీ వాకిలి రాయి ఏ జాతిదో తెలియకపోతే ఒక మూలన కొద్దిగా గీకి, ఆ పొడిపై నిమ్మరసం చుక్క వేయండి. సన్నని బుడగలు వస్తే అది సున్నపురాయి. గ్రానైటు అయితే బుడగలు రావు.

మరి పాచిని తొలగించేదెలా? మేము ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. వాన తెరపియిచ్చి రెండు రోజులు ఎండ కాసిన తరువాత, ముందుగా పొడి చీపురుతో ఆకులను, మట్టిని ఊడ్చివేయాలి. ఎండిన పాచిని చెక్కముక్కతో గీకితే చాలావరకు పొరలుగా లేచిపోతుంది. ఇనుప తీగల బ్రష్షు వాడరాదు; అది రాయిని గీరుతుంది, దాని తునకలు సందులలో మిగిలి తుప్పు మరకలవుతాయి. తరువాత 10 లీటర్ల నీటిలో సుమారు 100 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, అడుగున ముద్ద పేరుకొనే వరకు ఆగి, పైన తేరిన నీటిని మాత్రమే బండలపై చల్లాలి. ముద్దతో సహా పోస్తే తెల్లని చారలు మిగులుతాయి. పావుగంట తరువాత గట్టి ప్లాస్టిక్ కుచ్చు బ్రష్షుతో రుద్ది, శుభ్రమైన నీటితో కడగాలి. ఆ నీరు మొక్కల పాదులలోకి, బావిలోకి పోకుండా చూడాలి. ఊడ్చి, గీకి, ఆ తరువాత కడిగితే నాలుగు బకెట్ల నీరు సరిపోతుంది. గొట్టం పట్టుకొని గంటసేపు నీరు వృథా చేయవలసిన అవసరం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బ్లీచింగ్ పౌడరును, యాసిడును ఎన్నడూ ఒకచోట చేర్చకండి. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. అది కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. "రెండూ కలిపితే ఇంకా బాగా పోతుంది" అనుకోవడం ప్రాణాలమీదకు తెచ్చుకోవడమే. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, పని ముగిసే వరకు పిల్లలను అటు రానివ్వకండి. ఇటువంటి ద్రావకాలను కూల్‌డ్రింకు సీసాలలో పోసి ఉంచే అలవాటు ఎవరికైనా ఉంటే నేడే మానుకోండి. దాహం వేసిన పిల్లవాడు సీసాను చూస్తాడు గాని లోపల ఏమున్నదో చూడడు.

అయితే కడగడం సగం పని మాత్రమే. పాచికి కావలసినవి తేమ, నీడ. వాటిని తగ్గించనిదే అది నెల తిరగకముందే మళ్లీ వస్తుంది. మా ఇంట వుజూ నీరు రోజుకు ఐదుసార్లు దారి మీదుగానే పారేది. ఇప్పుడు కుళాయి చుట్టూ చిన్న గట్టు కట్టించి, నీటిని గొట్టం ద్వారా నిమ్మచెట్టు పక్కనున్న ఇంకుడు గుంతకు మళ్లించాము. దారిపైకి వంగిన గోరింట కొమ్మలను కత్తిరించాము. పూర్తిగా కొట్టివేయడానికి ఇంట ఆడపిల్లలు ఒప్పుకోలేదు. కుంగిన మూడు బండలను లేపి, కింద ఇసుక సర్ది, నీరు ఒక పక్కకు పోయేటట్లు మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఇప్పించాము. గుల్లబారిన సందులను గీకించి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపిన మాలుతో నింపించి, వారం రోజులు తడుపుతూ వచ్చాము. సందు తెరచి ఉంటే నీరు కిందికి దిగి మట్టిని కోస్తుంది, బండ కదులుతుంది, గడ్డి మొలుస్తుంది.

జారకుండా ఉంటుందని కొందరు గోనెసంచులు పరుస్తారు. అమ్మీ పడిన మరునాడు మేమూ పరచాము. గోనె నీటిని పట్టి ఉంచి కింద పాచిని పెంచుతుంది. పైగా అదే కాలికి తట్టుకుంటుంది. కొత్తగా దారి వేయించుకునేవారు నునుపు పట్టించిన బండలను బయట వాడకుండా గరుకు బండలనే ఎంచుకోవడం మేలు. కాంక్రీటు దారి అయితే, అది గట్టిపడకముందే నడకకు అడ్డంగా చీపురుతో గీతలు లాగమని మేస్త్రీకి చెప్పండి. ఆ గీతలే తడిలో కాలికి పట్టునిస్తాయి.

మరకల విషయం కొంత. బక్రీదునాడు వాకిట ఖుర్బానీ చేసుకునే ఇళ్లలో ముందుగా ఆ చోటును నీటితో తడిపి ఉంచితే రక్తం రాయిలోకి త్వరగా ఇంకదు. పని కాగానే, ఎండకముందే, చన్నీటితోనే కడగాలి. వేడినీరు పోస్తే రక్తం గట్టిపడి మరక నిలుస్తుంది. రక్తం పోయిన తరువాత కొవ్వు జిడ్డుకు బట్టల సోడా కలిపిన గోరువెచ్చని నీరు వాడవచ్చు. బండి కింద కారిన నూనెపై రంపపు పొట్టు చల్లి, అది పీల్చుకున్నాక ఎత్తివేసి, సబ్బు నీటితో రుద్దాలి. ఇనుప మంచాలు, కుండీల స్టాండ్ల కాళ్లకు రబ్బరు బిళ్లలు తొడిగితే తుప్పు మరకలు అసలు పడవు.

బండలకు పూత వేయించమని దుకాణదారులు చెబుతుంటారు. రంగులా పైన పొరగా నిలిచే మెరుపు పూత బయటి దారికి తగదు. తడిలో జారుతుంది, లోపలి తేమను బయటికి పోనివ్వక కొన్నాళ్లకు పొట్టులా లేస్తుంది. రాయిలోకి ఇంకి నీటిని రానివ్వని సైలేన్, సైలాక్సేన్ రకాలు మేలైనవి. బండలు పూర్తిగా ఆరిన తరువాతనే పూయాలి. కొత్త కాంక్రీటు అయితే 28 రోజులు ఆగాలి. దారిపై నీటి చుక్కలు వేస్తే ముత్యాలవలె నిలిస్తే పూత పనిచేస్తున్నట్లు. వెంటనే ఇంకిపోయి రాయి నల్లబడితే మళ్లీ వేయవలసిన సమయం వచ్చినట్లు. ఖర్చు భరించలేనివారు చింతించనక్కరలేదు. వాలు, ఎండ, చీపురు సరిగా ఉంటే పూత లేకపోయినా దారి బాగానే ఉంటుంది.

యాసిడు తిన్న మా బండలు మునుపటి నునుపుకు ఇక రావు. వాటిని అలాగే ఉంచుకొని, వర్షాకాలం నాలుగు నెలలూ ప్రతి శుక్రవారం ఉదయం మేమే చీపురు పడుతున్నాము. గోడ పొడవునా పట్టుకోవడానికి ఒక కడ్డీ, కుళాయి వద్ద ఒక దీపం కూడా పెట్టించాము. అమ్మీ ఇప్పుడు మళ్లీ ఫజ్ర్ వేళ తానే నడచి వెళుతున్నారు. మీ ఇంట వృద్ధులు చీకట్లో ఏ దారిన నడుస్తారో, ఈ రోజు ఒకసారి చెప్పులు విడిచి ఆ దారిన మీరు నడిచి చూడండి. ఎక్కడ జారుతుందో మీ పాదానికి తెలిసిపోతుంది.