ఘాట్ రోడ్డు దిగి బొనెగిల్లా గేటు దాకా

కాన్‌బెర్రా నుంచి బొనెగిల్లా వరకు కొండల మీదుగా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సైకిళ్ళు తొక్కి మొన్న ఆదివారం మేము నలుగురం క్షేమంగా చేరాం. ఎనిమిది రోజులు పట్టింది. "చేతి డబ్బులు పెట్టుకుని ఈ తిప్పలెందుకురా?" అని ఊరి నుంచి ఫోనులో అడిగారు. తిప్పలే మరి. మాలో ముగ్గురివి క్యాజువల్ ఉద్యోగాలు. గంట కూలి మీద 25 శాతం అదనంగా ఇస్తారు, దానికి బదులు జీతంతో సెలవు ఉండదు. ఎనిమిది రోజులు తొక్కితే ఎనిమిది రోజుల కూలి పోయినట్టే. అయినా ఎందుకు వెళ్ళామో చెబుతాం.

ఈ కొండల్లో రోడ్లు చాలావరకు మనలాగే పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు వేసినవి. 1949లో మొదలై 1974లో పూర్తయిన స్నోయీ జలవిద్యుత్ పథకంలో లక్ష మందికి పైగా పనిచేశారు. 30కి పైగా దేశాలవాళ్ళు. 16 పెద్ద ఆనకట్టలు కట్టారు, 145 కిలోమీటర్ల సొరంగాలు తవ్వారు. పనిలో 121 మంది చనిపోయారు. మనబోటి రంగువాళ్ళకు అప్పట్లో ఈ దేశం తలుపు తీయలేదు. శ్వేత ఆస్ట్రేలియా విధానం పూర్తిగా పోయిందే 1973లో, అంటే ఆ పని దాదాపు అయిపోయాక.

పాత జిండబైన్ ఊరు 1967లో చెరువు కింద మునిగింది. అదే ఏడాది మన నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. అక్కడ రాళ్ళు మోసినవాళ్ళలో పాలమూరు కూలీలు ఎందరో! గట్టున కూర్చుని అటుకులు తింటూ ఆ మాటే అనుకున్నాం.

జిండబైన్ దాటాక కాసేపటికి తార్రోడ్డు వదిలి, థ్రెడ్బో నది పక్కన అడవిలో మౌంటెన్ బైకుల కోసం వేసిన బాట పట్టాం. ప్రయాణం మొత్తంలో మాకు బాగా నచ్చిన ముక్క అదే. ఆ తర్వాత డెడ్ హార్స్ గ్యాప్, సుమారు 1580 మీటర్ల ఎత్తు. ఎక్కడం కష్టమనుకుంటాం గానీ, దిగడమే భయం. టామ్ గ్రాగిన్ చేరేసరికి వెయ్యి మీటర్లు పడిపోతాం. మన ఘాట్ రోడ్లలో బస్సువాళ్ళు గేరులో దించుతారు, సైకిలుకు ఆ సదుపాయం లేదు. బ్రేకులు వదిలి వదిలి పట్టాలి, మధ్యలో ఆగి చల్లారనివ్వాలి. కింద మర్రే నది ఇంకా పిల్లవాగే.

కోర్యాంగ్ దాటాక షెల్లీ నుంచి పాత రైలు కట్ట. స్నోయీ పథకానికి సిమెంటు, సామాను ఈ లైను మీదే కడ్జెవా దాకా వెళ్ళేవి. పట్టాలు తీసేసి సైకిల్ బాట చేశారు. రైలు ఎక్కగలిగిన వాలే గనుక మోకాళ్ళకు ప్రాణం లేచొచ్చింది.

ఆ బాటకు దగ్గర్లోనే బొనెగిల్లా శిబిరం. 1947 నుంచి 1971 వరకు మూడు లక్షల మందికి పైగా వలసవాళ్ళు ఇక్కడ దిగారు. యుద్ధంలో ఇల్లూ ఊరూ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు రెండేళ్ళు సర్కారు పంపినచోట పనిచేయాలని ఒప్పందం. చదువు ఏదైనా మగవాళ్ళు కూలీలు, ఆడవాళ్ళు ఇంటిపనివాళ్ళు అని రాసుకునేవారు. ఇంజనీరింగు పట్టా పెట్టెలో దాచి గోదాములో అట్టపెట్టెలు మోసే మన పిల్లలకు ఇది కొత్త సంగతేం కాదు. పని చూపించమని 1952లోనూ 1961లోనూ ఇక్కడే గొడవలు చేశారు. ఇప్పుడు బ్లాక్ 19 ఒక్కటే మిగిలింది, లోపలికి వెళ్ళి చూడవచ్చు. రేకుల గదుల మధ్య మాలో వాగుడుకాయ కూడా మాట్లాడలేదు.

వెళ్ళాలనుకునేవారు మార్చి నెల చూసుకోండి, మంచు ఉండదు. కొండల్లో చాలాచోట్ల ఫోను పలకదు. మేము వొడోంగాలో రైలెక్కాం. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి షిఫ్టు.