గండియు, కోటయు

గండికోట యను పేరులో రెండు మాటలు గలవు. మొదటిది నది చేసిన పని, రెండవది మనుష్యులు చేసిన పని. చెరువుకట్ట తెగినచో గండి పడినదందుము. కొండయే కట్టవలె తెగి నదికి దారి యిచ్చిన చోటిని గూడ మన పూర్వులు గండి యనియే పిలిచిరి. ఆ గండి యంచున రాళ్లు పేర్చి కోట కట్టిరి. పేరు పెట్టినవారు ముందు నదిని తలచి, పిదప రాజును తలచిరి. ఈ నెల మేమును ఆ వరుసనే యనుసరింతుము.

కడప మండలమున జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున నీ కోట యున్నది. దానికి దిగువను, తూర్పు దిక్కున, మైలవరము జలాశయ మున్నది. మైలవర మనగానే పూర్వపు కృష్ణా మండలములోని జమీందారీ గ్రామము గొందరికి స్ఫురించును. మేము చెప్పునది అది కాదు, పెన్నానది యొడ్డున నున్న మన సీమ మైలవరము. పెన్న కర్ణాటక దేశమున నందికొండలలో పుట్టి, మొదట ఉత్తరముగా నడచి, అనంతపుర ప్రాంతమున తూర్పునకు మరలి, తాడిపత్రి దాటి, ఎఱ్ఱమల కొండల నెదుర్కొనును. అచ్చట తాను వెనుకకు తగ్గలేదు, కొండయే దారి యిచ్చెను. నిట్టనిలువు దరుల నడుమ నుండి బయటపడి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల చేలను తడుపుచు, మొత్తము 597 కిలోమీటర్లు నడచి నెల్లూరు మండలమున సముద్రమున గలియును.

ఈ కొండరాళ్లు మిక్కిలి పురాతనములు. భూమిపై చెట్టుచేమలును జంతువులును పుట్టకముందు, నూటయేబది కోట్ల సంవత్సరములకు పూర్వమే, ఈ సీమ యొక సముద్రపు పల్లమై యుండగా, ఇసుకయు బురదయు పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడి యీ శిల లేర్పడెనని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వారు ఆ పొరలకు వేరు పేర్లు వెదుకలేదు. పులివెందుల, తాడిపత్రి, గండికోట యని మన యూళ్ల పేర్లే పెట్టిరి. దూరదేశముల విద్యార్థులు సైత మా పేర్లనే వల్లించుచున్నారు. ఇంతకంటె తరువాతి కాలమున నేర్పడిన సున్నపురాతి పొరలనుండి తీసిన బండలనే మనము వంటయింట పఱచుకొని తుడుచుకొనుచున్నాము. నాపరాయి యనియు, కడపబండ యనియు మన మనునది యదియే. ప్రతిదినము మనము సముద్రగర్భముపై పీట వేసికొని కూర్చుండి కూర తరుగుచున్నా మనుట అతిశయోక్తి గాదు.

ఇటీవల నీ లోయను చూడవచ్చు వారు దీనిని భారతదేశపు గ్రాండు కాన్యను అని పొగడుచున్నారు. అమెరికా లోయ గొప్పదే, కాదనుట లేదు. కాని గండి యను మాట రెండక్షరములలో చెప్పిన యర్థమును ఆ యరువు పేరు చెప్పజాలదు. పిల్లకు పుట్టినింట పెట్టిన పేరుండగా పొరుగింటి పిల్ల పేరుతో పిలుచుట యేల?

ఇక కోట మాట. మనుస్మృతి దుర్గములను ఆఱు విధములుగా చెప్పి, వానిలో గిరిదుర్గమే శ్రేష్ఠమని నిర్ణయించినది. కౌటిల్యుడు జలదుర్గమును, పర్వతదుర్గమును వేఱువేఱుగా లెక్కించెను. గండికోటయం దీ రెండును కలిసియున్నవి. పడమటను, ఉత్తరమునను పెన్న లోయ సహజమైన కందకము. తూర్పువైపుననే మనుష్యులు ప్రవేశింపదగిన దారి. ప్రకృతి విడిచిన చోటుల నెఱ్ఱని రాతిగోడ కట్టి, బురుజులు నిలిపి, రక్షణ పూర్తి చేసిరి. గోడ చుట్టుకొలత సుమారు 5 మైళ్లు. ఇట్టి యాలోచన మనవారికే తోచినది గాదు. ఫ్రాన్సు దేశమున బెజాన్సాను అను నగరమును దూ యను నది యించుమించు వలయముగా చుట్టుకొని యుండ, మిగిలిన యొక్క దిక్కున కొండపై కోట కట్టిరి. నదులు ఏ దేశమున నైనను చదువురాని శిల్పులు. మనుష్యులు వాని పనిని చూచి తమ పనిని నేర్చుకొందురు.

కోట నెవరు కట్టించిరను ప్రశ్నకు స్థానికముగా చెప్పుకొను సమాధానము గలదు. బొమ్మనపల్లె వాస్తవ్యుడగు కాకరాజు, కల్యాణి చాళుక్యుడైన ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడై, 1123లో దీనికి పునాది వేసెనందురు. పుస్తకములలోను, యాత్రికులకై వ్రాసిన పలకలమీదను ఇదియే కానవచ్చును. కాని పాఠకురాండ్రు ఒక చిన్న లెక్క వేయవలెను. ఆహవమల్ల బిరుదాంకితుడైన మొదటి సోమేశ్వరుడు 1068లోనే తుంగభద్రలో మునిగి తనువు చాలించెను. 1123 నాటికి కల్యాణి సింహాసనమున నున్నవాడు అతని కుమారుడు ఆఱవ విక్రమాదిత్యుడు. కావున రాజు పేరు సరియైనచో సంవత్సరము తప్పు, సంవత్సరము సరియైనచో రాజు పేరు తప్పు. చాకలిపద్దు వ్రాయునపుడు మనము చూపు శ్రద్ధను చరిత్ర చదువునపుడును చూపినచో నిట్టివి కంటబడకపోవు. ఆ కాలమున చిన్న కోటగా మొదలైనదనియు, విజయనగర కాలమున పెద్దదైనదనియు గ్రహించిన చాలును.

విజయనగర ప్రభువుల నాడు గండికోట ఒక సీమకు ముఖ్యస్థానము. పెమ్మసాని వంశపు నాయకులు తరతరములుగా దీని నేలిరి. వారిలో రామలింగనాయుడు కృష్ణదేవరాయల సేనలో ప్రసిద్ధుడు. రాయవాచకమున నతని సాహసము వర్ణింపబడినది. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలి, రాజధాని పెనుకొండకు మారిన పిదప, ఉత్తరపు దాడులకు గండికోట మఱింత అడ్డుగోడ యయ్యెను.

కోటలో నేడును చూడదగినవి యెన్నియో గలవు. మాధవరాయస్వామి గుడి యెత్తైన గోపురముతో నున్నది. రంగనాథస్వామి గుడి లోయకు చేరువ నున్నది. జుమ్మామసీదు, దానికి దాపుననే పెద్ద ధాన్యాగారము, రాయల చెరువు, కత్తుల కోనేరు మొదలైనవి యున్నవి. కోనేటి నీరెఱ్ఱగా నుండుటకు వీరులు కత్తులు కడుగుటయే కారణ మని జనులు చెప్పుకొందురు. ఎఱ్ఱమలలో నీరెఱ్ఱబడుటకు కత్తులే యక్కఱలేదని మా యభిప్రాయము.

వీనిలో గృహిణి కంటికి ముఖ్యముగా తోచునవి ధాన్యాగారమును, చెరువును. యాత్రికులు గోపురమును, మినారులను చూచి ముందుకు సాగుదురు. కాని ముట్టడి వచ్చినపుడు కోటను కాపాడునది కత్తి యొక్కటియే గాదు. లోపల నెన్ని నెలలకు గింజలున్నవి, ఎంత నీరున్నది యను లెక్కయే కాపాడును. కమానుల కప్పుతో విశాలముగా కట్టిన యా కొట్టును చూచునపుడు, మన సీమ యిండ్లలో వాకిట త్రవ్విన జొన్నపాతర జ్ఞప్తికి రాక మానదు. పాతరయైనను, ధాన్యాగారమైనను రహస్య మొక్కటే. తడి తగులరాదు, పురుగు చేరరాదు, తీయువారి చేతికి మితము తెలియవలెను. ఆ గింజలు కొట్టులోనికి చేరువఱకు రాజుల కథ, కొట్టు దాటి దంపి, చెఱిగి, విసరి, వండి పెట్టువఱకు స్త్రీల కథ. మొదటి కథ వ్రాసిరి, రెండవది వ్రాయలేదు.

1650 ప్రాంతమున గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబుషాహి మంత్రియగు మీర్ జుమ్లా యీ కోటను పట్టుకొనెను. ఇతడు పారసీక దేశమునుండి వచ్చి, వజ్రవ్యాపారమున ధనము గడించి, మంత్రిపదవి కెక్కినవాడు. లోపలి మంత్రి యొకడు ద్రోహము చేయుటచే కోట పడెనని స్థానికుల కథ. 1652లో ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు తావెర్నియే ముత్యములును మణులును పట్టుకొని మీర్ జుమ్లాకు చూపుటకై గండికోటకు వచ్చెను. అతని యాత్రాగ్రంథము 1676లో పారిసున అచ్చయ్యెను. కొండదారి యిఱుకుతనమును, ప్రక్కన భయంకరమైన లోయను, అడుగున పాఱు నదిని అతడు వర్ణించెను. మీర్ జుమ్లా వట్టి కాళ్లతో కూర్చుండి, కాలివ్రేళ్ల నడుమను, ఎడమచేతి వ్రేళ్ల నడుమను జాబులు పెట్టుకొని, ఒక్కొక్కటిగా తీసి ప్రత్యుత్తరములు వ్రాయించుచుండుట చూచి యాతడు వింతపడెను.

అదే సమయమున ఫ్రాన్సులోని బూర్జు పట్టణమునుండి వచ్చిన క్లోదు మాయి యను వాడు మీర్ జుమ్లా కొలువున ఫిరంగులు పోతపోయుటకు ప్రయత్నించుచుండెను. కంచుకై గుళ్లలోని విగ్రహములను తెప్పించిరి. గండికోట గుడిలోని యాఱు పెద్ద విగ్రహములు మాత్రము కరగలేదని తావెర్నియే వ్రాసెను. పూజారులు మంత్రము వేసిరని నవాబు శంకించెనట. తుదకు పనికివచ్చు ఫిరంగి యొక్కటియు సిద్ధము గాలేదు. బూర్జునుండి గండికోట కెంత దూరము! ఒక చిన్న ఫ్రెంచి పట్టణపు పనివాని యోటమి మన పెన్న యొడ్డున నమోదైయున్నది. మన గుడి విగ్రహముల కథయు పారిసు అచ్చుకూటమున నిలిచినది. లోకము నాడును చిన్నదే.

పిదప కోట చేతులు మారుచు, మొగలులకు, కడప నవాబులకు, మైసూరు ప్రభువులకు చిక్కి, 1800లో దత్తమండలములతోగూడ ఇంగ్లీషు కుంపిణీ వశమయ్యెను. నేడు పురావస్తుశాఖ రక్షణలో నున్నది. గోడల లోపల నొక చిన్న గ్రామ మిప్పటికిని కాపురముండుట మాకు సంతోషకరము. మనుష్యులు లేని కోటకంటె మనుష్యులున్న శిథిలము మేలు.

కుంపిణీ కాలమున కర్నలు మెకంజీ యను దొర, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు మనవారి సాయమున ఊరూర కైఫీయతులు వ్రాయించెను. గ్రామకరణముల నోటను, పెద్దల నోటను విన్నవి, శాసనములలో చదివినవి అందు చేరినవి. అతడా పని చేయించకున్నచో మన యూళ్ల కథలు సగము పోయియుండును. కాని ఆ వ్రాతలలో గుడిమాన్యములు, కొలువులు, యుద్ధములు కనబడినంతగా బావులు, పాటలు, వ్రతములు, కాన్పులు కనబడవు.

ఇంతవఱకు చెప్పినది కోట కథ. అసలు చెప్పదలచినది గండి కథ. నేడు గండి కిరుప్రక్కల రెండు జలాశయములున్నవి. తూర్పున మైలవరము. పడమట, కొండాపురము వైపు విస్తరించిన గండికోట జలాశయము. దీనిలో 26.85 టీయంసీల నీరు నిలువచేయవచ్చును. ఆ నీరు పెన్నది మాత్రమే గాదు. శ్రీశైలమునుండి కృష్ణాజలము పోతిరెడ్డిపాడు, గోరుకల్లు, అవుకుల మీదుగా, కొండలను తొలిచిన దారులలో వచ్చి గాలేరు-నగరి కాలువవలన ఇచ్చట చేరుచున్నది. ఇచ్చటినుండి పులివెందుల వైపునకు ఎత్తిపోయుదురు. బిందె పట్టుకొని క్రోసుల కొలది నడచిన తల్లుల సీమకు ఇది చిన్న భాగ్యము గాదు. ఆ నీటిని నిందించు నోరు మాకు లేదు.

అయినను, ఆ నీటి యడుగున ఊళ్లున్నవి. 2020లో నీటిమట్టము పెంచినపుడు తాళ్ళప్రొద్దుటూరు మొదలగు గ్రామములవా రిండ్లు విడిచి వెళ్లవలసివచ్చెను. శ్రీశైలము ఆనకట్ట నాడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమున మరల కట్టిరి. మంచి పని. కాని పొయ్యిగడ్డను, తులసికోటను, పిల్లకు తొలి యడుగులు నేర్పిన యరుగును ఎవరు విప్పి మరల కట్టగలరు? ఇంటికి వెల కట్టి యిత్తురు, ఇరుగుపొరుగునకు వెల లేదు. ఏబదియేండ్లు ఒకే బావికడ నీరు తోడుకొన్న ఇద్దరు ముసలమ్మలు రెండు వేఱు కాలనీలలో ఇండ్లు పొందినచో, ఆ నష్టము ఏ పట్టికలోను చేరదు.

అందుచేత సోదరీమణులకు మా విన్నపము. కాకరాజు కథలో రాజు పేరును, సంవత్సరమును పొసగని గతి మునిగిన యూళ్లకు పట్టరాదు. ఊరు విడిచిన యింటి పెద్దమ్మలు ఇంకను మన నడుమ నున్నారు. మీ బంధువులలో నట్టివా రున్నచో, ఒక మధ్యాహ్నము వారికడ కూర్చుండి, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. వీధుల పేర్లు, బావుల పేర్లు, ఏ చేనిని ఏమని పిలిచెడివారు, ఏ దేవర కేనెల జాతర చేసిరి, ఏ పాటతో పెండ్లికూతును సాగనంపిరి, ఇవన్నియు. విన్న తేదీని, చెప్పినవారి వయస్సును తప్పక వేయుడు. ఇద్దరు ఇరుతెఱగుల చెప్పినచో రెండును వ్రాయుడు, మీరే తీర్పు చెప్పవలదు. ఇందులకు పాండిత్యము పనిలేదు, ఓపిక చాలును.

మీర్ జుమ్లా జాబులకు ప్రత్యుత్తరములు వ్రాయుటకు వ్రాయసగాండ్రుండిరి. రాయల సాహసమును వ్రాయుటకు కవులుండిరి. తాళ్ళప్రొద్దుటూరి బావిగట్టు కథ వ్రాయుటకు మనముతప్ప వేరొకరు లేరు.